మచ్చ లేని ఆకాశం

శాలిబండలో విఠల్‌రావు ఫోటో స్టూడియోకు వెళ్లినవాళ్లెవరూ సొంత మొహంతో బయటికి రాలేదు. కారణం టచింగ్ సదాశివ. ఫోటోలో మొటిమైనా, పుట్టుమచ్చైనా, స్ఫోటకం మచ్చైనా సన్న కుంచెతో మాయం చేసేవాడు. ఒక గుమాస్తా చెంప మీది గాటు తుడిచేస్తే, గుర్తింపు కార్డు చూసి కచేరీ జవాను అతన్ని గేటు దాటనివ్వలేదు. అయినా సదాశివకు బుద్ధి రాలేదు. మచ్చంటే మచ్చే, అంతే.

ఆ మూర్ఖత్వమే ఆయనకు పెళ్లి చేసింది. సంబంధానికి వచ్చిన ఫోటోలో పిల్ల మొహం నున్నగా ఉందని ఒప్పుకున్నాడు. పీటల మీద తెర దించాక గాని తెలియలేదు, ఆ ఫోటోకు టచింగ్ చేసింది తనేనని. రమాబాయికి మొహం నిండా స్ఫోటకం మచ్చలు. ఇక ఎవరి మీద మండిపడతాడు? నోరు మూసుకుని తాళి కట్టాడు. కాపురం చల్లగానే సాగింది గాని, గోడకు తగిలించిన ఆ ఫోటో అద్దానికి పట్టిన దుమ్మును రమాబాయి పద్నాలుగేళ్లలో ఒక్కసారీ తుడవలేదు.

యాభై ఆరులో, ఏటేటా జరిగే నుమాయిష్ ప్రదర్శనకు పది రోజుల ముందు, వేధశాల ఆఫీసరు అనంతపద్మనాభం ఆరు గాజు నెగెటివ్‌లు తెచ్చాడు. దుర్భిణితో తీసిన ఆకాశపు బొమ్మలు. నుమాయిష్‌లో జనానికి చూపడానికి పెద్ద ప్రింట్లు కావాలి. విఠల్‌రావు ప్రింట్లు వేసి, అలవాటుకొద్దీ "మచ్చలుంటే తీయి" అని సదాశివకు అప్పజెప్పి, బంధువుల పెళ్లికి పోయాడు. అవి ఏమిటో మాత్రం చెప్పలేదు.

సదాశివ జన్మలో అన్ని మచ్చలు చూడలేదు. "ఏ తల్లి పోసిందో గని, చర్మం కనబడకుంట పోసింది" అని జాలిపడి, నల్ల సిరాతో కూర్చున్నాడు. ఐదు రోజులు పట్టింది. ఒకదాంట్లో సుడి తిరిగిన నక్షత్రాల గుంపు ఉంటే, ఎవరో జిలేబీ తిన్న చేత్తో పట్టుకున్నారని తిట్టుకుంటూ దాన్నీ పూర్తిగా నలుపు చేశాడు.

ఆరో రోజు విఠల్‌రావు, అనంతపద్మనాభం కలిసే వచ్చారు. బల్ల మీద ఆరు నల్ల కాగితాలు ఉన్నాయి.

"చుక్కలేవయ్యా?" అన్నాడు అనంతపద్మనాభం.

"ఒక్కటి గూడ లేదు సార్. భూతద్దం పెట్టి చూస్కోండి."

విఠల్‌రావుకు పట్టపగలే చుక్కలు కనబడ్డాయి, కాగితాల మీద తప్ప. మళ్లీ ప్రింట్లు వేద్దామంటే అంత పెద్ద కాగితం బొంబాయి నుంచి రావాలి. "నాలుగు రోజులల్ల ఎక్కడియి అక్కడ పెట్టు సదాశివా. లేకుంటే ఆ కుర్చీల ఇంకొకడు కూసుంటడు," అన్నాడు.

పద్దెనిమిదేళ్ల కుర్చీ అది. సదాశివకు ఏడుపొచ్చింది. గాజు నెగెటివ్‌ను కిటికీకి ఆనించి, తెల్ల రంగుతో ఒక్కొక్క చుక్కే పెట్టసాగాడు. అనంతపద్మనాభం పక్కనే కూర్చుని, "అది తప్పింది, ఇది పక్కకు జరిగింది" అని ప్రాణం తీశాడు.

"ఇన్ని మచ్చలెందుకు సార్ దీనికి?"

"అవే దాని మొహం. తీసేస్తే అదెవరో మాకెట్లా తెలుస్తుంది?"

సదాశివ కుంచె ఆగిపోయింది. ఆ మాట గట్టిగా తగిలింది. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టాడు గాని, ఆ తర్వాత మరీ చాదస్తం పట్టుకుంది. చివరి రోజు కాగితం మీద ఒక చుక్క ఎక్కువైంది. అనంతపద్మనాభం గాజును ఊదితే, ఆ చోట ఉన్న నలుసు ఎగిరిపోయింది.

"దుమ్మయ్యా అది! తీసెయ్."

"ఏమో సార్, మస్తు భయమైతుంది. నేనైతే తియ్య," అన్నాడు సదాశివ. చివరికి ఆఫీసరే తీశాడు.

కుర్చీ దక్కింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, గోడ మీది ఫోటోను దించి, అద్దం ఊడదీసి, కుంచె తడిపి, భార్యను ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఏంది గిది?" అంది రమాబాయి.

"తీసినయి ఎక్కడియి అక్కడ పెడుతున్న. కదలకు."

ఆమె మొహం ఎర్రబడింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. పోలేదు. "ఇన్నేండ్లు అది నా సవతి లెక్క గోడ మీద కూసున్నది," అంది.

సదాశివ తల దించుకుని పని చేసుకుపోయాడు. దీపాలు పెట్టే వేళకు ముగించి, అద్దం మళ్లీ బిగించాడు. రమాబాయి ఫోటోను చేతిలోకి తీసుకుని, కొంగుతో అద్దం మీది దుమ్మంతా తుడిచి, కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ముక్కు పక్కన ఒకటి తప్పింది," అంది.