మేళం లేని ముహూర్తం

ఆ రోజుల్లో మేష్టరు చెప్పిన మాటను పిల్లలు బడి గంటతోనే మరిచిపోతారని నాకు గొప్ప ధీమా ఉండేది. అరవయ్యో దశకం చివర్లో, శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి ఓ పల్లెలో సైన్సు మేష్టరుగా చేరాను. ఊరి పక్కనే తంపర (ఏడాది పొడుగునా తడారని చిత్తడి నేల లెండి), దాని గట్టున చింతచెట్లు, చలికాలం వస్తే ఆ చెట్ల నిండా గూళ్లు కట్టుకునే పెద్ద పెద్ద కొంగలు. బోర్డు మీద బొమ్మలు వేసే ఓపిక లేక పిల్లల్ని అక్కడికే తీసుకుపోయి పాఠం చెప్పేవాణ్ని. పిట్టల రెట్ట నీళ్లలో పడితే నాచు పెరుగుతుందనీ, నాచు తిని చేపపిల్లలు, చేపల్ని తిని పిట్టలు బతుకుతాయనీ, ఇందులో ఏ ఒక్కటి తగ్గినా మిగతావాటికీ ముప్పేననీ చెప్పాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పెద్ద చప్పుడైతే తల్లిపిట్టలు లేచిపోతాయనీ, గుడ్లు కాకుల పాలవుతాయనీ, మరుసటేడు చెట్లు బోసిపోతాయనీ చేతులూపుతూ భయపెట్టాను కూడా.

ఆ క్లాసులో 'మైకు' అని ఒకడుండేవాడు. వాడు గుసగుసలాడినా హెడ్మాస్టరు గది దాకా వినిపించేది. ఆ మైకు అక్కతోనే నాకు సంబంధం కుదిరింది. మార్గశిరంలో పగటి ముహూర్తం. తల్లీ తండ్రీ లేని నన్ను పెంచి పెద్దచేసిన మా మేనమామ, బొబ్బిలి నుంచి సన్నాయి మేళాన్ని ఏరికోరి తెచ్చాడు. పొందూరు పంచె కట్టుకుని, బుగ్గచుక్కతో ఊరి పొలిమేరలో బండి దిగానో లేదో, నా క్లాసు క్లాసంతా దారికి అడ్డంగా, నోటిమీద వేళ్లు వేసుకుని నిలబడి ఉంది.

"మేస్టారూ, మేళం ఒద్దండి," అన్నాడు మైకు (జీవితంలో మొదటిసారి నెమ్మదిగా). "పిట్టలు గుడ్ల మీదున్నాయి. మీరే సెప్పినారు కదండీ."

నా పాఠం నా పెళ్లికే అడ్డొస్తుందని కలలో కూడా అనుకోలేదు. మావయ్య ముఖం కందగడ్డ అయింది.

"ఏటిరా ఇది? గట్టిమేళం లేకండా తాళి కడితే ఎవుడు తుమ్మినా ఇనబడిపోతాది. మేళం మోగకపోతే ఈ పెళ్లే లేదు. బండి తిప్పీండి!"

అటు నన్ను పెంచిన మనిషి, ఇటు నన్ను నమ్మిన పిల్లలు. మేళం మోగిస్తే రేపు ఏ ముఖంతో క్లాసుకెళ్లను? మోగించకపోతే పెళ్లి ఉండదు. "మేళం వద్దు మావయ్యా" అనేశాను. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. మాట బయటికొచ్చాక ఆయన కంటే నేనే ఎక్కువ అదిరిపడ్డాను. ఆయన బండి ఎక్కలేదు గాని, తంపర గట్టు పక్కనే వేసిన పందిట్లో అటు తిరిగి కూర్చున్నాడు.

తాళి చేతికిచ్చారు. ఎక్కడా చప్పుడు లేదు. ఎవరు తుమ్ముతారోనని అందరూ ఒకరి ముక్కు వైపు ఒకరు చూసుకుంటున్నారు. అంతలో పందిరి అదిరేలా ఒక తుమ్ము. తుమ్మింది మా మావయ్యే!

నేను కొయ్యబారిపోయాను. పురోహితుడు మంత్రం మింగేశాడు. చేజేతులా మేనల్లుడి పెళ్లి చెడగొట్టానేమోనని మావయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. తాళి పట్టుకున్న నా చేతులు గాలిలోనే ఉండిపోయాయి. అంతవరకు తలెత్తని పెళ్లికూతురు మెల్లగా తలెత్తింది. చింతచెట్ల వైపు ఒకసారి చూసింది.

"కట్టీండి," అంది. "ఒక్క పిట్టా లెగలేదు."

నాకోసం మెల్లగానే అంది పాపం. మేళం లేదు కదా, పందిరంతటికీ వినిపించింది. ముందుగా నవ్వింది మావయ్యే. ఆ నవ్వుల మధ్యే మూడు ముళ్లూ వేశాను. సైన్సు మేష్టరై ఉండి ఒక తుమ్ముకి అంతగా హడలిపోయిన ఆ కుర్రవాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ముళ్లు వేసింది వాడే గాని, ధైర్యం మాత్రం ఆవిడది.