మగ్గం గుంటలో గిర్దావరు కాళ్ళు

నా చిన్నప్పుడు మా నేతవాడ మీద సుడిగాలి పడితే, దారిలో విరిగిన చెట్లు తీయకముందే నష్టం చూసే అధికారి నడిచి వచ్చాడు. ఈ ఎండాకాలం అదే వాడ మీద మళ్ళీ సుడిగాలి పడింది. ఇప్పుడు వానాకాలం కూడా వచ్చింది. ఇంతవరకు మా గడప ఎవరూ తొక్కలేదు. పంచాయతీ కార్యదర్శి బండి మీద వచ్చి, దిగకుండానే "చూస్తం తాతా, మేమొచ్చేదాక ఏం కదపకుండ్రి" అని వెళ్ళిపోయాడు. ఇవ్వబోయిన మంచినీళ్ళు నా చేతిలోనే ఉండిపోయాయి. మండలాఫీసులో ఒకాయన నా అర్జీ చూసి, "ఇంకా మగ్గం నేస్తున్నవా?" అని పక్కాయనతో కలిసి నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు. అందుకే ఆ పాత సంగతి రాస్తున్నాను.

గాలివాన ఊరందరినీ తడుపుతుంది. సుడిగాలి అట్లా కాదు, తనకు నచ్చిన దారి పట్టుకొని పోతుంది. ఆ రోజు చెలకల మీదుగా ఎర్రమట్టి గిర్రున తిరుగుతూ వచ్చి, మా వాడలో గూనపెంకలను చాటలో పొట్టులాగా చెరిగేసింది. పక్కన పెద్దబజారులో ఆరేసిన బట్ట కూడా ఎగరలేదు. వెనకే వాన వచ్చింది. కప్పులు లేని ఇళ్ళలోకి నేరుగా కురిసింది.

మా మగ్గాలు నేలలో తవ్విన గుంటల మీద ఉంటాయి. నేసేవాళ్ళు గుంట గట్టున కూర్చొని, కాళ్ళు లోపలికి జారవిడిచి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేస్తారు. ఆ గుంటలన్నీ నీళ్ళతో నిండాయి. పడుగు నూలుకు పెట్టిన గంజి దిగిపోయి పోగులు పీచుపీచుగా లేచాయి. ఎంత చేదినా అడుగునుంచి నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. గుంట ఆరకపోతే నేత లేదు, నేత లేకపోతే పొయ్యి లేదు.

అయినా అధికారి వస్తున్నాడని తెలియగానే మా ఆడవాళ్ళు చేసిన పని ఏమిటో తెలుసా? ఇళ్ళు ఊడ్చి, వాకిళ్ళు అలికి, ముగ్గులు పెట్టారు. మా తాత కప్పు మీద తాటికమ్మలు పరిచి, తడిసిన పడుగు మీద, గుంటలో నీళ్ళు కనబడకుండా, ఉతికిన దుప్పటి కప్పాడు. పెద్దమనిషి వస్తే మగ్గం చిందరవందరగా కనబడడం మా నేతవాళ్ళకు నామోషీ. కడుపు మాడుతున్నా మగ్గం కళకళలాడాలి. ఆ పట్టింపే మా కొంప ముంచబోయింది.

నష్టం రాసుకోవడానికి తహసీలు కచేరి నుంచి వచ్చిన గిర్దావరు సారు చిన్నవయసువాడే. ఒక్కో గుమ్మంలో నిలబడి తొంగిచూశాడు. గోడలు నిలబడే ఉన్నాయి. మగ్గాల మీద దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. మా ఇంటికి వచ్చేసరికి ఆయన మొహంలో నిశ్చింత కనబడింది. "ఇక్కడ పెద్దగ ఏం కాలేదు గదా, పటేలా" అని వెంట వచ్చిన సర్పంచుతో అన్నాడు. వాకిట్లో మగవాళ్ళు తలలు వంచుకున్నారు.

మా అవ్వ మాత్రం ఎదురు వెళ్ళింది. "ఇంత దూరమొచ్చిండ్రు, నిలవడే పోతరా సారూ? చెప్పులిడిచి, జర కూసోండ్రి" అంటూ మగ్గం గట్టు చూపించింది. మా తాత ఉలిక్కిపడ్డాడు. నేసేవాళ్ళు తప్ప ఆ గట్టు మీద ఎవరూ కూర్చోకూడదు. మేం పిల్లలం ఎక్కితే వీపు విమానం మోత మోగేది. గిర్దావరు మొహమాటపడుతూనే కూర్చొని, నేసేవాళ్ళలాగే కాళ్ళు దుప్పటి కిందనుంచి లోపలికి జారవిడిచాడు.

మోకాళ్ళ దాకా బురదనీళ్ళు. "అమ్మో!" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. అవ్వ కళ్ళతోనే కొట్టింది.

"ముందే చెప్పొద్దా అవ్వా?" అన్నాడాయన, లేవకుండానే.

"చెప్పుకోనీకి మాకు నామోషీ సారూ. మీరు గోడలు సూస్తున్నరు. మా బతుకు గోడలల్ల లేదు, గీ గుంటల్ల ఉన్నది."

ఆయన కోప్పడలేదు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, మళ్ళీ మొదటి ఇంటినుంచి బయలుదేరాడు. ప్రతి ఇంట్లో దుప్పటి తీయించి, గుంటలో కాలు పెట్టి చూశాడు. మేం పిల్లలం వెంట ఊరేగింపుగా నడిచాం. ఆయన చెప్పగానే పంచాయతీ మనుషులు మాతో కలిసి నీళ్ళు చేదారు, గుంటల్లో పొడిమట్టి పోసి దిమ్మిస కొట్టారు. సర్పంచు బడి వరండా తెరిపించి, పడుగులు అక్కడ ఆరేసుకొని మళ్ళీ గంజి పెట్టుకొమ్మన్నాడు. కూలిన చెట్ల కట్టె కప్పులకు వాసాలుగా పంచారు. కొన్నాళ్ళకు వాడలో మళ్ళీ మగ్గాల చప్పుడు మొదలైంది.

తాటికమ్మల కప్పులు మాత్రం అట్లాగే ఉన్నాయి. పెంకలకు సాయం వస్తుందని అందరూ చూస్తుండగా, గిర్దావరు మళ్ళీ ఒకనాడు మా వాకిట్లోకి వచ్చాడు. తల దించుకొని, "పెంకలకు పైనోళ్ళు ఒప్పుకోలేదు అవ్వా. నన్ను తిట్టుకోండ్రి గాని ఎదురుసూడకుండ్రి" అన్నాడు. అవ్వ ఆయన్ను తిట్టలేదు, చల్ల ఇచ్చింది. ఆయన కూర్చొని తాగి వెళ్ళాడు. మర్నాడే మా తాత కుమ్మరాయనతో మాట్లాడుకొని, చేతనైనప్పుడల్లా కొన్ని పెంకలు తెచ్చి వేశాడు.

లేదన్న మాట మోసుకొని అంత దూరం ఎందుకు వచ్చాడాయన, అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది. లేదని తెలిసినవాడు తన దారి తాను చూసుకుంటాడు. ఏ జవాబూ అందనివాడు గుమ్మంలోనే నిలబడిపోతాడు. నేనిప్పుడు అట్లా నిలబడి ఉన్నాను. కదపొద్దన్నారు కాబట్టి కదపలేదు. కప్పు మీది రేకులు ఎగిరిపోయిన చోటునుంచి నా మగ్గం గుంటలోకి ప్రతి వానా దిగుతోంది. గట్టు కరిగిపోతోంది. మొండివాడినని మా కోడలు అంటుంది, అననీ.

నేను మగ్గం మీద దుప్పటి కప్పలేదు. వాకిట్లో ముగ్గు పెట్టించలేదు. కార్యదర్శి గారూ, బండి దిగి రండి, మా గట్టు మీద కూర్చోండి, కాళ్ళు లోపలికి పెట్టండి. ఆ తర్వాత రేకులు ఇస్తామంటారో, ఇవ్వమంటారో, ఏదో ఒకటి నా మొహం చూసి చెప్పండి.