ఐదు కేజీల పటిక

గట్టిగా పట్టుకోని కూర్చోండి. ఒక చెక్కపలక, ఒక షావుకారు, నా ఉద్యోగం, మూడూ ఒకే మంటలో పడిన కథ చెప్తాండా!

అప్పుడు నాకు కెమిస్ట్రీలో డిగ్రీ, దానికి నాలుగింతలు పొగరు. చెక్కకి మంట అంటకుండా మందు పట్టించి పరీక్ష చేసే తిరుపతి ల్యాబులో మూడు నెలల పని. "శుక్రవారం మన చెక్క కొనే శ్రీకాళహస్తి షావుకారు ముందర పలక ఐదు నిమిషాలు కాలకుండా నిలబడితే నీ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే చిత్తూరు బస్సెక్కేయ్" అన్నారు మా సారు.

మందు అంటే పటికే. నీళ్ళలో చిక్కగా కరిగించి, మామిడి పలకని నానబెట్టి ఆరబెట్టాల. ఆ పటిక తెచ్చే పని నాది. అంగడి ముందర నిలబడి మా అక్కతో ఫోన్లో చీర రంగు గురించి కొట్లాడతాండా.

"అన్నా, పటిక ఐదు కేజీలు!"

"పటికబెల్లమా పాపా?"

"ఆఁ, అదే, తొందరగా!"

"ఇంట్లో శుభకార్యమా?"

"అవునన్నా, శుక్రవారం మంట పెడతాండాం!"

పాపం, ఆయన తూచి ఇచ్చినాడు. గాజుముక్కల మాదిరి తెల్లటి పెళ్ళలు. నాలిక మీద పెట్టుకోని ఉంటే తెలిసేది కదా అంటారా? ల్యాబులో ఏదీ నోట్లో పెట్టుకోకూడదండీ! రూల్సంటే నాకు ప్రాణం.

శుక్రవారం వచ్చింది. పలక తళతళా మెరుస్తాండాది. "మందు భలే పట్టింది సార్!" అని ఎగిరి గంతేసి బర్నర్ వెలిగించినా. పలక మీద బుడగలొచ్చినాయి. "సూడండి, మంటతో ఎట్లా కొట్లాడతాండాదో!"

షావుకారు ముక్కు ఎగబీల్చినాడు. "సారూ, పాకం ముదరతాండాది. దించేయండి!"

అంతలోనే పలక భగ్గుమనింది. సారు ఇసుక బకెట్టు కుమ్మరించి నా పక్క తిరిగినారు. "ఏం కలిపినావమ్మా?"

"పటికే సార్!" అని సంచి తెచ్చి ముందర పెట్టినా.

షావుకారు సంచిలో మిగిలిన పెళ్ళొకటి నోట్లో వేసుకున్నాడు. "కలకండ! పటికబెల్లం గదా ఇది! మా మనవడికి రెండు పొట్లం కట్టియ్యి పాపా."

కాళ్ళావేళ్ళా పడితే ఇంకో వారం ఇచ్చినారు. ఈసారి అసలు పటికే. బర్నర్ అందుకున్నానో లేదో, షావుకారు అడ్డమొచ్చినాడు.

"ఉండు పాపా! అగ్గి తర్వాత. ముందు ఒక గంట చీమల కాడ పెట్టు!"

చీమలూ ముట్టలేదు, మంటా అంటలేదు. ఉద్యోగం నిలబడింది. అగ్నిసాక్షిగా చెప్తాండా: అంగట్లో ఎవరేమడిగినా, ఈ జన్మలో ఇంక "ఆఁ, అదే" అనను.