జోసెఫ్ గారి మాస్కు

కోసిన రాతిపొడి వాసన తగిలితే నాకు ఇప్పటికీ అడుగు ముందుకు పడదు. నిన్న మార్టూరులో పనివాళ్ళకు శిక్షణ ఇవ్వడానికి ఒక కొత్త గ్రానైటు షెడ్డులోకి అడుగుపెట్టగానే అదే జరిగింది. వెంట ఉన్న సూపర్‌వైజరు కంగారుపడి కుర్చీ వేయించాడు. నాకు జోసెఫ్ గారు గుర్తొచ్చారని అతనికేం తెలుసు?

ఎంబీఏ అయ్యాక కనిగిరి నుంచి వచ్చి, ఇలాంటి గ్రానైటు ఫ్యాక్టరీలోనే ఆఫీసు పనికి చేరాను. పనివాళ్ళకు శిక్షణ ఇచ్చే జోసెఫ్ గారు నన్ను ఆఫీసు కుర్చీలోంచి లేపి తన వెంట తిప్పుకున్నారు. మొదటిసారి పనివాళ్ళకు నేనే పాఠమంతా గడగడా చెప్పేసి, "అర్థమైందా?" అన్నాను. అందరూ బుద్ధిగా తలలూపారు. నేను పొంగిపోయాను.

ఆయన నన్ను పక్కకు పిలిచి నవ్వారు. "ఏమ్మా షకీలా, మనోళ్ళు అర్థం కాకపోయినా తలూపుతారు. మేడం చిన్నబుచ్చుకుంటదని. అడగమాక, చేసి చూపించమను."

ఈ వృత్తిలో నేను నిలదొక్కుకున్నది ఆ మాటతోనే.

ఆయన పాఠం మిషన్ల పక్కనే జరిగేది. రాయి అంచులు కోస్తుంటే తెల్లటి పొడి లేచి ఎదుటి మనిషి కనబడేవాడు కాదు. మాస్కు ఎలా కట్టుకోవాలో, ఎందుకు తీయకూడదో ప్రతి బ్యాచ్‌కీ ఓపికగా చెప్పేవారు. ఆ రొదలో మాట వినపడదు. మిషన్ ఆపితే పని ఆగిపోతుందని యాజమాన్యం ఆపనిచ్చేది కాదు. అందుకని తన మాస్కు గడ్డం కిందికి లాగి గొంతు చించుకునేవారు. మాస్కు తీయొద్దని చెప్పడానికి, ఏళ్ళ తరబడి ఆయన మాస్కు తీశారు. మాలో ఒక్కరికీ అది తప్పుగా తోచలేదు. చెప్పేవాళ్ళ నోరు కనబడాలి కదా అనుకున్నాం.

తర్వాత దగ్గు పట్టుకుంది. "చర్చిలో పాట అందుకోలేకపోతున్నానమ్మా" అన్నారొకసారి, అంతే. గుంటూరు ఆసుపత్రిలో చూడబోయేసరికి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. ఊపిరితిత్తుల నిండా రాతిపొడేనట. ఆయన ఉద్యోగం యాజమాన్యం అప్పటికే నాకు ఇచ్చేసింది. ఆ సంగతి చెప్పలేక ఏడుస్తూ నిలబడ్డాను. ఆయనకు ముందే తెలుసు.

"మిషన్లు ఆపమని అడగలేకపోయాను. తీసేస్తారేమోనని భయం" అన్నారు, మాటమాటకీ ఆయాసపడుతూ. "నువ్వడుగు. నీకు కోపమెక్కువ, నువ్వు అడగగలవు."

ఆ వారమే పోయారు.

నేను అడుగుతూనే ఉన్నాను. ఒకచోట అలా అడిగినందుకే ఉద్యోగం పోయింది. అయినా మిషన్లు ఆపేదాకా పాఠానికి నోరు తెరవను. నిన్న కూడా యాజమాన్యం వాళ్ళు చాలాసేపు గొణిగి, చివరికి ఆపారు. షెడ్డంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. నేను మామూలు గొంతుతో మాట్లాడితే వెనక నిలబడ్డ మనిషికి కూడా వినిపించింది. ఇంత నిశ్శబ్దం ఆయనకు ఒక్కనాడూ ఎవరూ ఇవ్వలేదు.