ముందే చెప్పే పెట్టె

యమున ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టింది. పెళ్లయి పెనుకొండ దగ్గరి కొండకిందపల్లికి వచ్చేదాకా ఆమెకు కరెంటంటే మగ్గం మీద వేలాడే బల్బే. భర్త గంగాధర ఊరి బయట సబ్‌స్టేషన్‌లో హెల్పరు. ఇల్లంత ఎత్తున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను పెళ్లయిన కొత్తలో కంచె ఇవతల నుంచి చూపించాడు. అది ఆగకుండా మూలుగుతోంది.

"దానికేమయింది?" అంది యమున.

"ఏమీ కాలేదు. పనిలో ఉండాది."

తొంభయ్యారు వేసవిలో ఒక ఉదయం ఆ ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. లోపలి నూనె మంటై బయటికి వచ్చింది. గంగాధర ఆ పక్కనే కంకరలో గడ్డి పీకుతున్నాడు. హిందూపురం ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు.

నిజానికి ఆ పొద్దు అతడు పనికి పోకూడదనుకున్నాడు. ధర్మవరంలో బావమరిది కొత్త మగ్గానికి పూజ. ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరినవాణ్ణి తల్లి పుల్లమ్మ గడపలోనే ఆపింది.

"డ్యూటీ ఎగ్గొట్టి చుట్టాలిండ్లకు పోతావా? పనికి పోరా ముందు."

గంగాధర ఆ చొక్కా విప్పి వంకెకు తగిలించి, పని చొక్కా తొడుక్కుని పోయాడు.

తర్వాత పుల్లమ్మ అన్నం ముట్టలేదు. వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు. ఇనుప డబ్బా లోపల ఏం జరుగుతాందో ఎవురికి తెలుస్తాది, పుల్లమ్మా? సారోళ్లకే తెల్దు, నీకేం తెలుసు? యమున కూడా ముద్ద కలిపి అత్త చేతిలో పెడుతూ అదే అంది. చాలా రోజులు అంది. చివరికి పుల్లమ్మ నమ్మింది. నమ్మిన రోజు నుంచి తినింది. చెప్పి చెప్పి యమునకూ ఆ మాట అలవాటైంది. ఎవరూ ఆపలేనిది వచ్చింది, అతడు పోయాడు. అలా అనుకుంటే పొద్దు గడిచేది.

భర్త పోయినందుకు ఆమెకు అదే సబ్‌స్టేషన్‌లో అటెండరు పని ఇచ్చారు. ఊడవడం, నీళ్లు పట్టడం, టీ తేవడం. పాత పునాది మీదే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దించారు. మొదట్లో అటువైపు చూడకుండా నడిచేది. తర్వాత చూస్తూనే నడిచింది.

ఏటా ఆయుధపూజకు పుల్లమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చేది. ట్రాన్స్‌ఫార్మర్‌కు బొట్టు పెట్టి, చిన్న గొంతుతో, "ఒగరు చాలు. ఇంకెవురినీ అడగొద్దు," అనేది.

రెండువేల ఆరులో బెంగళూరు నుంచి మనుషులొచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక తెల్ల పెట్టె బిగించారు. సన్న గొట్టాలతో అది నూనెను లోపలికి తీసుకుని మళ్లీ వదులుతుంది. దాని తీగ కంట్రోల్ రూములో తెరదాకా పోయింది.

"కొత్తల్లునికన్నా ఎక్కువైపాయ దీని మర్యాద," అన్నాడు ఆపరేటరు ఓబుళప్ప. "ఎండ తగలకూడదంట, దుమ్ము పడకూడదంట."

కొత్తగా వచ్చిన ఇంజనీరు, ఏఈ లోకేష్ నవ్వాడు. కోస్తావాడు, చిన్న వయసు. తెర ముందు అందరినీ నిలబెట్టి ఓపిగ్గా చెప్పాడు. లోపల ఎక్కడైనా వేడి పుడితే నూనె విరిగి గ్యాసులు పుడతాయి. ఇంతకుముందు నూనెను సీసాలో పట్టి ఎక్కడికో పరీక్షకు పంపేవాళ్లు. ఈ పెట్టె ఇక్కడే, ఎప్పటికప్పుడు పరీక్ష చేస్తుంది.

"పదేళ్ల కిందట ఇక్కడే ఒకటి పేలిందంట కదా? అది లోపల్లోపల చాలా రోజులుగా కాలుతూ ఉండుంటుంది. అప్పుడు ఇది ఉంటే వారాల ముందే తెలిసేది. ఆ మనిషి బతికేవాడు."

యమున టీ గ్లాసులు బల్ల మీద పెడుతోంది. ఓబుళప్ప తల దించుకున్నాడు. ఆమె గ్లాసులన్నీ పెట్టి, ఖాళీ ట్రే తీసుకుని బయటికి వెళ్లింది. కొళాయి దగ్గర కడిగిన ట్రేనే మళ్లీ కడిగింది.

తెలిసేదా? వారాల ముందే? ఆ వారాల్లో అతడు ఎన్ని పూటలు ఆ ఇనుము పక్కన కూర్చుని సద్ది తిన్నాడో.

సాయంత్రం పుల్లమ్మ అడిగింది. "ఏమో బిగించినారంటనే, ఏందే అది?"

"వేడి చూసేది, అత్తా," అంది యమున. అంతకన్నా చెప్పలేదు.

ఆయుధపూజ వచ్చింది. ఈ ఏడు రావద్దని ఎలా చెప్పాలో యమునకు తోచలేదు. మోకాళ్ల నొప్పులు కదా అంటే, "నీ మోకాళ్లు కాదులే, నడువు," అంది పుల్లమ్మ. ట్రాన్స్‌ఫార్మర్‌కు బొట్టు పెట్టింది. తెల్ల పెట్టెకూ మూడు వేళ్లతో పెట్టింది. ఆ వేళ్లు దాని మీదే ఆగాయి.

"ఇది ముందుగానే చెప్తాదంట గదా. బస్సులో చెప్పుకుంటాండ్రి. ఆ పొద్దు ఇది ఉండింటే నా కొడుకు సంగతి తెల్సుండునా?"

పోయింది యమున భర్తేనని, ఆ పొద్దు పనికి పంపింది ఈ తల్లేనని లోకేష్‌కు అప్పటికి తెలుసు. పుల్లమ్మ అతడివైపే చూస్తోంది. అతడు నోరు తెరవకముందే యమున అందుకుంది.

"అది వేరే జబ్బుకు, అత్తా. నూనె నిదానంగా చెడితే ఇది చెప్తాది. ఆ పొద్దు అయింది అట్ల కాదు. ఒక్క గడియలో అయిపాయ. ఏ పెట్టె పెట్టినా తెల్దు."

"నువ్వు చెప్పు సారూ," అంది పుల్లమ్మ.

లోకేష్ యమునను చూశాడు. "మీ కోడలు చెప్పిందే నిజం, అవ్వా."

"నాకీ ఉద్యోగంలో తల నెరిసింది. అట్ల పేలేదాన్ని ఎవుడు కనిపెడతాడు?" అన్నాడు ఓబుళప్ప.

"అట్లనా," అంది పుల్లమ్మ. పెట్టె మీది చేయి తీసి కొంగుకు తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఆమె రెండోసారి సంగటి అడిగి పెట్టించుకుంది. చాన్నాళ్లకు కొడుకు కబుర్లు ఎత్తింది. చిన్నప్పుడు ఉలవచారంటే పడక, గిన్నెతో సహా దూడకు పెట్టి వచ్చేవాడట. చెబుతూ తనే నవ్వింది. నవ్వాల్సిన చోట యమున కూడా నవ్వింది.

గిన్నెలు తీసుకుని పెరట్లోకి పోయింది. అతడు బతికేవాడన్న మాట ఎవరితోనైనా అనాలని ఉంది. ఆ మాట వినగలిగేది, విని తనలాగే కూలబడేది లోకంలో ఒక్కతే. ఆ ఒక్కతె లోపలి నుంచి, "నీళ్లు పోసిపెట్టుమే, పొద్దున తోముకుందువు. రా, పడుకో," అంటోంది.

యమున గిన్నెల్లో నీళ్లు పోసి, ముఖం కడుక్కుని, లోపలికి వెళ్లింది.