కట్టు ఎత్తి చూపించిన చెయ్యి

గుంటూరు ఆసుపత్రిలో మా ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయిన ఐదో రోజు పొద్దున ఒళ్ళు కాలిపోతోంది. పొట్ట మీద కట్టు తడిసి వాసన వస్తోంది.

డాక్టరు గారు విప్పి చూశారు. "ఇన్‌ఫెక్షన్ వచ్చిందమ్మా. ఏ క్రిమో తెలియడానికి చీము కల్చర్ టెస్టుకి పంపిద్దాం. రెండు కుట్లు విప్పి కడగాలి," అన్నారు.

నేను ఊరుకున్నానా? రోజూ డ్రెస్సింగ్ చేసే సిస్టర్ సునీత మీద విరుచుకుపడ్డాను. "నీ నిర్లక్ష్యం వల్లే ఇట్టా అయింది! మనిషికేమన్నా అయితే ఎవరిదమ్మా పూచీ?" అని వార్డంతా వినేలా అరిచాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. హెడ్ సిస్టర్ ఆమెను పిలిచి సంజాయిషీ రాసిమ్మన్నారు.

అసలు సంగతి నాకు తెలుసు. ఆపరేషన్ మర్నాడు సత్తెనపల్లి నుంచి మా ఆడపడుచు చూడటానికి వచ్చింది. "ఎన్ని కుట్లు పడ్డాయి వదినా?" అంది. నేను కట్టు ఓ పక్క పైకెత్తి చూపించి, మళ్ళీ వేలితో నొక్కి అంటించాను. చేతులు శుభ్రం చేసుకోలేదు. మంచం పక్కనే చేతులకు రుద్దుకునే స్పిరిట్ మందు, హ్యాండ్ రబ్ సీసా ఉంది. కానీ అంతకుముందు వారమంతా కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీసిన వేళ్ళు నావి. పగుళ్ళలో అది పడితే ప్రాణం పోయినట్టుండేది. అందుకే మొదటి రోజు నుంచీ సీసా నొక్కినట్టు నటించి, ఉత్త చేతులు రుద్దుకునేదాన్ని.

నేను అరిచిన మర్నాడు డ్రెస్సింగ్‌కి సునీతే వచ్చింది. నా వేళ్ళు చూసింది. "ఇట్టా పగిలాయేంటక్కా? ఆ సీసా మందు మంటని నాతో చెప్పొచ్చు కదా, సబ్బుతో కడుక్కోమనేదాన్ని. సింకు ఆ మూలే ఉంది," అంది. నిన్న అన్ని మాటలన్న మనిషితో అంత మెత్తగా మాట్లాడేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

వెంటనే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, హెడ్ సిస్టర్ ఎదుటే అంతా చెప్పేశాను. "ఎవరి చేతి నుంచి వచ్చిందో తేల్చలేమమ్మా. కట్టు ఎత్తడం మాత్రం తప్పే," అన్నారాయన. సునీత రాసిచ్చిన సంజాయిషీని హెడ్ సిస్టర్ ఇక చర్య లేకుండా పక్కన పెట్టేశారు. మూడు వారాల డ్రెస్సింగ్, యాంటీబయాటిక్స్ తర్వాత పుండు మానింది. ఇప్పుడు మా ఆయన బరువులు ఎత్తకుండా పొలం చూసుకుంటున్నారు.

చేతులు కడుక్కోవడానికి ఏం ఇబ్బంది ఉన్నా సిస్టర్‌కి ముందే చెప్పండి. ఎవరడిగినా కట్టు ముట్టుకోకండి. నేను నిజం చెప్పేటప్పటికి, నా అరుపు విన్నవాళ్ళలో కొంతమంది డిశ్చార్జి అయి ఊళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళ దృష్టిలో తప్పు ఇంకా ఆ పిల్లదే.