గురుప్రసాద్ గారి భజన రెండయిన సంగతి

దోహాలోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో మా అబ్బాయి రామచంద్రరావు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను చూసిన గొప్పవారిలో గురుప్రసాద్ గారు ఒకరు. గొప్ప అని ఆయనే చెప్పుకునేవారు. గుంటూరు ఇంజనీరు. మదీనత్ ఖలీఫాలో విల్లా, ప్రతి శుక్రవారం నలభై మందితో భజన, భోజనం. దేవుడి ముందు అందరం ఒకటేనని మైకులో చెప్పేవారు. ఆ నలభై మంది తిన్న కంచాలు తోమేది పనిమనిషి మాబున్నీసా. కదిరి మనిషి. రెండేళ్ళ పని ఒప్పందం గడువు తీరి ఎనిమిది నెలలయినా ఆయన ఆమె పాస్‌పోర్టు ఇవ్వలేదు. "సొంత మనిషిలా చూసుకుంటున్నాం" అనేవారు. సొంత మనిషికి వంటగది నేల మీద పక్క.

తొంభై ఆరు వేసవిలో ఆమె మా ఇంటికి పారిపోయి వచ్చింది.

"ఇంగ ఆడికి పోను పెద్దమ్మా. నా బిడ్డ కానుపుకు ఊరికి పోవల్ల."

సాయంత్రానికి గురుప్రసాద్ గారు సెంటు కొట్టుకుని దిగారు.

"కమలాదేవి గారూ, పారిపోయినదాన్ని దాచడం ఇక్కడ నేరమండీ. మీ అబ్బాయి వీసాకే ఎసరొస్తుంది."

మావాడి మొహం పాలిపోయింది. చదువుకున్నవాడు కదా, భయం తొందరగా పట్టుకుంటుంది.

"పంపించేద్దాం అమ్మా" అని గొణిగాడు.

పరీక్షకు చదువుకుంటున్న మనవరాలు చరిత పుస్తకంతోనే వచ్చింది.

"నానమ్మా, ఒకప్పుడు అమెరికాలోనూ ఇలాంటి చట్టమే చేశారు. దక్షిణాది బానిస ఉత్తరాదికి పారిపోతే పట్టి ఇచ్చెయ్యాలి. దాస్తే జైలు."

"ఇచ్చారా?"

"కొందరిచ్చారు, కొందరు దాచారు. మనకెందుకులే అనుకున్నవాళ్ళు కూడా ఏదో ఒక పక్క నిలబడక తప్పలేదు. చర్చిలైతే ఈ బానిసల గొడవ మీద అంతకుముందే రెండుగా చీలిపోయాయి. చివరికి యుద్ధం."

నా నాలుగో తరగతి చదువుకు ఆ మాత్రం చాలు.

"బాబూ గురుప్రసాదూ, పిలు పోలీసుల్ని. ఈ శుక్రవారం నీ మైకు మాత్రం నాది" అన్నాను.

ఆయన పిలవలేదు. నేను ఊరుకోలేదు. శుక్రవారం భజనకు వెళ్ళి ఆమె గడువు, ఆమె పక్క, అన్నీ మైకులో చెప్పాను.

"పనివాళ్ళకు అలుసిస్తే రేపు మన ఇళ్ళలోనూ ఇదే గోల" అని పదకొండు కుటుంబాలు ఆయన వెనక చేరాయి. ఆరు కుటుంబాలు లేచి నాతో బయటికి వచ్చాయి. హార్మోనియం మాకు వచ్చింది, తబలా వాళ్ళకు మిగిలింది. మా ఆరిళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళగానే పనిమనుషుల పాస్‌పోర్టులు తీసి ఇచ్చేశారు. అడిగించుకోకుండా ఇచ్చింది ఆ ఇద్దరే.

తొమ్మిదో రోజున డ్రైవరు ఈరన్న చేత గురుప్రసాద్ గారు పాస్‌పోర్టు, దేశం వదిలేందుకు యజమాని ఇవ్వాల్సిన కాగితం పంపారు. పాపభీతితో కాదు, పదకొండు ఇళ్ళు తొమ్మిదయ్యాయట. కానుపుకు నాలుగు రోజుల ముందు మాబున్నీసా కదిరి చేరింది.

భజనలు మళ్ళీ కలవలేదు. ఆయన తరఫు ఆడవాళ్ళు నన్ను చూస్తే సందు మారిపోయేవారు. మారనీ, ఆ నడకకు ఒళ్ళు తగ్గుతుంది.